కేరాఫ్ చెంగల్రాయుడు కార్గో

సాల్మియా, కువైట్
నవంబరు 11

అక్కకు,

నీకు రాసి నాలుగు నెలలు దాటింది. ముసలామె జూలైలో చనిపోయింది. ఆరేళ్ళు ఆమె మంచం పక్కనే ఉన్నాను. ఆమె పోయిన తర్వాత కొన్నాళ్ళు చేతులకు ఏం చెప్పాలో తెలియలేదు. ఊరికే కూర్చుంటే ఏదో పని మరిచిపోయినట్టు ఉండేది.

ఇప్పుడు శుక్రవారం సెలవు దొరుకుతోంది. ఆరేళ్ళలో ఈ ఊరిని కారు అద్దంలో నుంచి తప్ప చూడలేదు. ఇప్పుడు నడిచి చూస్తున్నాను. సాల్మియాలో ఒక పొడుగాటి వీధి ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా కొట్లే. అత్తరు కొట్లు, బంగారు కొట్లు, చెప్పుల కొట్లు. దాని వెనక సముద్రం. ఇక్కడ ఎవరూ నడవరు. నడిచేది మాలాంటివాళ్ళే. మిగతావాళ్ళంతా కార్లలో పోతూ మమ్మల్ని చూస్తారు.

ఒక సందులో ఇరానీవాడి రొట్టెల అంగడి. మట్టిపొయ్యి గోడకు పిండి చరిచి, కొక్కెంతో లాగుతాడు. రొట్టె చేటంత ఉంటుంది. వేడిది ఒకటి తీసుకుని సముద్రం పక్క గోడ మీద కూర్చుని, పెద్దపంజాణి శివకుమార్ చేత నువ్వు పంపిన చెనిక్కాయల పొడి చల్లుకుని తిన్నాను. పిల్లులు చుట్టూ చేరాయి. ఇక్కడి పిల్లులు మనుషులకు భయపడవు.

భార్గవికి ఫోను చేస్తే, "తిన్నా. సదువుకుంటాండా. పెట్టేస్తా" అంటుంది. కన్నతల్లితో ఆ మూడు మాటలే. నీకు చెవులు వినపడక మనకు ఉత్తరాలు. దానికి వినపడీ మాటల్లేవు. నర్సింగు మూడో సంవత్సరం కదా, చదువు ఎక్కువగా ఉంటుందిలే. మదనపల్లె హాస్టల్లో తిండి బాగలేదని ముందొకసారి అంది. నువ్వు పోయినప్పుడు రాగిపిండి ఇచ్చిరా. ఎవరి చేతనైనా కాయించుకుని తాగుతుంది.

ఇకమీదట ఇంటి అడ్రసుకు రాయవద్దు. ఊరి నడుమ మాలియా అనే పేటలో చెంగల్రాయుడన్న కార్గో కొట్టు ఉంది. వి.కోట పక్క మనిషి. మన వైపు వాళ్ళ ఉత్తరాలూ పార్సిళ్ళూ అతని దగ్గరికే వస్తాయి. కేరాఫ్ చెంగల్రాయుడు కార్గో అని రాస్తే చాలు.

బావకు నమస్కారాలు.

ఉష


పుంగనూరు
డిసెంబరు 9

ఉషకు అక్క ఆశీస్సులు.

ఉత్తరం అందింది. చేటంత రొట్టె సంగతి మీ బావకు చదివి చెప్పాను. "మీ సెల్లెలు పనికి పోయిందా, టూరుకు పోయిందా?" అన్నాడట. నాకు వినపడలేదు. పక్కింటి పద్మావతి నవ్వుతుంటే అడిగి, ఆమె పలక మీద రాసి చూపిస్తే తెలిసింది. ఇప్పుడు నాతో మాట్లాడాలంటే పలక కావాలి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో అరిస్తే కొంచెం తెలుస్తుంది. అందుకని ఎవరూ నాతో పనికిమాలిన మాటలు మాట్లాడరు. అదొక సుఖం.

ఇక్కడ తుపాను వాన నాలుగు రోజులు పట్టింది. పాల కేంద్రం ముందు మోకాటి లోతు బురద. క్యాను నెత్తిన పెట్టుకుని పోతూ జారి కూర్చున్నాను. పాలు పోలేదు, మోకాలు పోయింది. మీ బావ ఆటోకు కొత్త టాపు వేయించాడు.

భార్గవి ఆదివారం వచ్చింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. సముద్రం అంత దగ్గర ఉంటుందా అని పలక మీద రాసి అడిగింది. ఒళ్ళు కొంచెం తగ్గింది. బాగానే ఉంది. చదువు సంగతి దాన్నే అడుగు, నాకేం తెలుస్తుంది.

ఉత్తరాలు రాస్తూ ఉండు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో ఎవరో వచ్చినట్టు ఉంటుంది.

రామలక్ష్మమ్మ


ఫర్వానియా, కువైట్
జనవరి 19

అక్కకు,

నీ ఉత్తరం పదిరోజుల కిందట చెంగల్రాయుడన్న ఇచ్చాడు. మోకాలికి ఆముదం రాసి కాపడం పెట్టు. చలి ఇక్కడ కూడా ఉంది. ఎడారిలో చలి ఏంటని మీరు అనుకుంటారు. ఎముకలో ఉంటుంది.

ఇప్పుడు ఫర్వానియాలో ఒక స్నేహితురాలి గదిలో కొన్నాళ్ళుగా ఉన్నాను. ఇక్కడ సముద్రం లేదు. మేడ మీద మేడ, అన్ని మేడల బాల్కనీల్లో బట్టలు. వీధిలో మలయాళీ హోటలు, పక్కనే బంగ్లా హోటలు, దాని పక్కన ఈజిప్టువాళ్ళ బీన్సు పప్పు అంగడి. ఆ పప్పును ఫూల్ అంటారు. మన అనపగింజల పప్పులో తాలింపు వేయడం మరిచిపోతే ఎట్లుంటుందో అట్లా ఉంటుంది. ఆకలి మీద బాగుంటుంది.

గదిలో ఆరుమందిమి. మంచాలు మూడు. ఒకరు లేచి పనికి పోతే ఇంకొకరు వచ్చి పడుకుంటారు. ఆ మంచాలు ఎప్పుడూ చల్లారవు. ఈ చలిలో అది మేలే. వంట వంతుల మీద. నేపాలామె, ఇద్దరు సిలోన్ వాళ్ళు, కడప నుంచి ఒకామె, కుప్పం దగ్గరి స్వర్ణలత, నేను. సిలోనామె వంతు వచ్చిన రోజు స్వర్ణలత మొహం చూడాలి. "ఈమె సేతికి ఇడిసిపెడితే సాయ్‌లో గూడా టెంకాయ పాలు పోస్తాది" అంటుంది. ఆమె వంతు వచ్చిన రోజు సిలోనామె కళ్ళనీళ్ళు పెట్టుకుని తింటుంది, అంత కారం.

శుక్రవారం కూరగాయల మార్కెట్టుకు పోతాం. టమోటాలు జోర్డాన్ నుంచి వస్తాయట. ఎర్రగా నున్నగా ఉంటాయి, పులుపు లేదు. మదనపల్లె మండీలో కాళ్ళ కింద నలిగే టమోటాలే వీటికన్నా మేలు. కొన్ని వీధుల్లో పోలీసులు నిలబడి కార్డు అడుగుతారు. అందుకని జనం బాగా ఉన్న వేళ చూసుకుని నడుస్తాం.

భార్గవి పరీక్షలు ఎప్పుడో అడిగితే, "ఉంటాయిలే మా" అంది. నువ్వు కొంచెం కనుక్కో.

ఉష


పుంగనూరు
ఫిబ్రవరి 20

ఉషకు,

నేను ఏడో తరగతి దాకా చదివాను, నువ్వు పదో తరగతి. అయినా నాకు లెక్కలు వచ్చు. నీ ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆరేళ్ళు ఒకే ఇంటి అడ్రసు. ఇప్పుడు మూడు నెలల్లో రెండు ఊళ్ళు, కార్గో కొట్టు ఒకటి. ఇంట్లో పనిచేసే మనిషికి మంచం వంతులు ఎందుకు వస్తాయి? కార్డు అడిగే పోలీసును చూసి తప్పుకుని నడిచేది ఎవరు?

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఒక మాట గుచ్చుకుంది. ఇంటి అడ్రసుకు రాయవద్దు అన్నావు. ఎందుకో చెప్పలేదు. అడగకుండా ఊరుకున్నాను. నా తప్పు.

పోయిన వారం వి.కోట నుంచి సుబ్రమణ్యం వచ్చాడు. మీ బావకు తెలిసిన మనిషి, పన్నెండేళ్ళు కువైట్లో డ్రైవరు. నీ పేరు చెప్పకుండా అడిగించాను. పలక మీద రాశాడు: "అట్ల గదులు మారేవాళ్ళు సేటు ఇంటినుంచి బయటికి వచ్చేసినోళ్ళు. కార్డు ఉండదు. దొరికితే జైలు."

అది చదివి పలక తుడిచేశాను. మీ బావకు చూపించలేదు.

ఉషా, నువ్వు యాడుండావు? ఎట్లుండావు? రొట్టెల సంగతి కాదు, నీ సంగతి రాయి.

అక్క


హసావి, కువైట్
మార్చి 22

అక్కకు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ముసలామె పోయాక ఆ ఇంట్లో నాకు పని లేదు. ఆ ఇంటి యజమానిని బాబా అంటాం, ఆయన నన్ను తన కూతురి ఇంటికి పంపాడు. నలుగురు పిల్లలు. పడుకునేది వంటింట్లో, బట్టల మిషను పక్కన. ఆ గదికి తలుపు లేదు. సెలవు లేదు. నన్ను కొట్టలేదు, కొట్టారని రాయను. తిండి పెట్టలేదని కూడా రాయను. కానీ ముసలామె నన్ను పేరు పెట్టి పిలిచేది. ఈ ఇంట్లో పేరు పిలిచినవాళ్ళు లేరు. ఏయ్ అంటే నేను. చిటిక వేస్తే నేను. మూడు నెలలు ఉన్నాను.

నవంబరు మొదట్లో ఒక పొద్దు చెత్త సంచి పడేయడానికి బయటికి వచ్చాను. సంచి డబ్బాలో వేశాను. వెనక్కి తిరగాల్సిన కాళ్ళు తిరగలేదు. అట్లాగే నడిచాను. ఒంటి మీద పని గౌను, రైకలో ఫోను, అంతే. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. నీకు సాల్మియా ఉత్తరం రాసేటప్పటికి బయటికి వచ్చి తొమ్మిది రోజులు. ఇరానీవాడి రొట్టె నిజమే. సముద్రమూ నిజమే. సెలవు అన్నది అబద్ధం.

ఆ తర్వాత వాళ్ళు నేను పారిపోయానని పోలీసుల దగ్గర రాయించారు. మాలాంటివాళ్ళను ఇక్కడ ఖల్లివల్లి అంటారు. పోతే పోనీ అని అర్థం. మన తెలుగువాళ్ళే ఎక్కువగా అంటారు.

ఇప్పుడు హసావిలో ఉన్నాను. రోడ్డంతా గుంతలు, మురికి నీళ్ళు. కానీ ఇక్కడ అన్ని దేశాలూ ఉన్నాయి. శుక్రవారం ఒక ఆంధ్రావాళ్ళ మెస్సులో రాగిసంగటి చేస్తారు. రెండిళ్ళలో గంటల లెక్కన పాచిపని చేస్తున్నాను. రంజాను నెల కాబట్టి, ఉపవాసం విడిచే వేళకు మసీదు దగ్గర అన్నం పొట్లాలు పెడతారు. మతం అడగరు, కార్డు అడగరు. వరుసలో కూర్చుంటే చాలు. పక్కన కూర్చున్న మనిషి ఖర్జూరం నీ చేతిలో పెడతాడు. ఆ అరగంట ఒళ్ళు తేలికగా ఉంటుంది.

ఇంకొక సంగతి. ఐదు రోజుల కిందట ఇక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. కార్డు లేనివాళ్ళు జూన్ నడిమికల్లా వచ్చి చెబితే, జైలు లేకుండా పంపిస్తారట. పాస్‌పోర్టు లేకపోతే మన ఎంబసీ ఔట్‌పాస్ ఇస్తుంది. గదిలో అందరూ అదే మాట. స్వర్ణలత పోతానంటోంది. తర్వాత మళ్ళీ రావచ్చు అంటారు. అంటారు, సరే. నన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారు?

నేను పోవడం లేదు. భార్గవికి ఇంకొక సంవత్సరం ఉంది. దాని చేతికి సర్టిఫికెట్టు వచ్చాక నేనే పోయి పోలీసుల ముందు నిలబడతాను. అంతదాకా దొరకకుండా ఉంటే చాలు. ఈ ఉత్తరం దానికి చూపించవద్దు.

ఉష


పుంగనూరు
ఏప్రిల్ 24

ఉషకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది.

భార్గవి చదువు మానేసింది. ఇప్పుడు కాదు, పోయిన ఆగస్టులో. నాకు సెప్టెంబరు నుంచి తెలుసు.

రాగిపిండి, నువ్వుల ఉండలు తీసుకుని మదనపల్లె పోయాను. హాస్టలు వాచ్‌మన్ ఏదో చెప్పాడు. వినపడలేదంటే రిజిస్టరు తీసి చూపించాడు. ఖాళీ చేసి మూడు వారాలు. దాని గదిలో ఉండిన అనూష అనే పిల్ల ఒక చీటీ మీద "కుప్పం, బట్టలు కుట్టే కంపెనీ" అని రాసిచ్చింది. ఆ పిండి సంచితోనే బస్సెక్కి, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరాను. షిఫ్టు వదిలేదాకా కంపెనీ గేటు ముందు నిలబడ్డాను. రెండు మూడు వందల మంది ఆడపిల్లలు ఒకే రంగు కోటు వేసుకుని బయటికి వస్తే మనది ఏదో ఎట్లా తెలుస్తుంది? అదే నన్ను చూసింది.

ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాం. "యాల మానేస్తివి? నాతో యాల చెప్పలేదు?" అన్నాను. ఏదో గొణిగింది. వినపడలేదన్నాను. నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది:

"సెప్తే ఊరుకుంటావా పెద్దమ్మా!"

టీ అంగడాయన తిరిగి చూసి ఏదో అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఏమన్నాడని అడిగితే అది ఇంకా గట్టిగా చెప్పింది: "రొంత మెల్లగా మాట్లాడు పాపా, నా పాలు పొంగతాండాయి, అన్నాడు." అదీ నవ్వింది. ఆ ఒక్కసారే నవ్వింది.

తర్వాత చెప్పింది. వీధి మొత్తం వినేలా చెప్పింది, నా చెవి ఖర్మ. "ఆసుపత్రి డ్యూటీలో దినమంతా ముసలోళ్ళ మంచాల కాడనే ఏసినారు. కుండ పెట్టు, కుండ తియ్యి. ముసలోళ్ళ ఉచ్చ ఎత్తేదానికి మా ఇంట్లో ఒగరు సాలదా పెద్దమ్మా? మాయమ్మ సేస్తాండాది గదా, నేను గూడా యాల?"

ఈ మాట నీకు రాయకూడదనే ఇన్నాళ్ళు ఉన్నాను. రాశాను. దాన్ని తిట్టవద్దు. కోపంతో అన్నది కాదు. అలసిపోయి అన్నది.

నీకు తానే చెబుతానని నా చేత ఒట్టు వేయించుకుంది. నవంబరులో చెప్పాలనుకుందట. ఇంతలో నీ సాల్మియా ఉత్తరం వచ్చింది. అది చదివి నాతో అన్నది విను. "అమ్మ ఇప్పుడిప్పుడే సముద్రం ఒడ్డున తిరగతాండాది. ఇప్పుడు సెప్తే ఆ నాలుగు దినాల సంతోషం గూడా పోతాది. ఉండనీ." నేనూ అదే అనుకున్నాను. బాగానే ఉంది అని నీకు రాశాను.

నువ్వు మా కోసం రొట్టె సంగతి రాశావు. ఆ రొట్టె చూసి మేము నోరు మూసుకున్నాం.

నీ హసావి ఉత్తరం దానికి చూపించవద్దన్నావు. చూపించాను. పోయిన మంగళవారం కుప్పం పోయి గేటు దగ్గరే ఇచ్చాను. నిలబడి చదివింది. మడిచి అన్నం క్యారియరు సంచిలో పెట్టుకుంది. సైరను మోగినట్టుంది, లోపలికి పోయింది.

నువ్వు ఎవరి చదువు కోసం వేడి చల్లారని మంచాల మీద పడుకుంటున్నావో, ఆ చదువు లేదు. నీకు అక్కడ ఉండడానికి కారణం లేదు. జూన్ నడిమికల్లా అని రాశావు. ఈ ఉత్తరం శివకుమార్ చేత పంపుతున్నాను. శనివారం విమానం. వచ్చేసెయ్.

అక్క


హసావి
మే 14

అక్కకు,

శివకుమార్ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. ఎనిమిది నెలలు. నువ్వు బురదలో జారిపడిన సంగతి రాశావు, ఆటో టాపు సంగతి రాశావు.

భార్గవికి ఐదుసార్లు ఫోను చేశాను. తీయలేదు.

అది చెప్పిన మాట నిజమే. అందుకే కోపం వస్తోంది. నేను ఎత్తితే అది ఎత్తనక్కర్లేదని అనుకున్నాను. అనుకుంటూనే, అదే పని నేర్చుకోమని దాన్ని మదనపల్లెలో చేర్పించాను. ఆ చదువు చదివితే గౌరవంగా ఎత్తవచ్చని.

పోయేదీ పోనిదీ చెప్పలేను. నాకు ఇప్పుడు ఏ ఊరూ తోచడం లేదు.

ఉష


పుంగనూరు
మే 29

ఉషకు,

తిట్టు. పడతాను. నువ్వు తిట్టేది నాకు ఎట్లాగూ వినపడదు.

భార్గవి నిన్న వచ్చింది. మామూలుగా ఆదివారం వస్తుంది, నిన్న పని మానుకుని వచ్చింది. నీ పాస్‌పోర్టు జిరాక్సు ఏమైనా ఉందా అని పలక మీద రాసింది. ఔట్‌పాస్‌కు అది ఉంటే పని తొందరగా అవుతుందని ఎవరినో అడిగి తెలుసుకుందట. ట్రంకు పెట్టె మొత్తం కింద పోశాం. నీ రేషను కార్డు, దాని టీకాల కాగితం, మీ ఆయన వదిలిపెట్టి పోయేటప్పుడు పంచాయతీలో రాసిన కాగితం, అన్నిటి కిందా దొరికింది. ఫోటో తీసి నీ ఫోనుకు పంపింది. ఏమని రాశావే అని అడిగితే, "ఏమీ రాయలా. బొమ్మ మాత్రమే పంపినా" అంది.

చూశావా, లేదా? ఇంక పదిహేను రోజులే ఉంది. నేను రా అని మళ్ళీ రాయను. జిరాక్సు పంపింది నేను కాదు.

అక్క


కుప్పం
జూలై 7

అక్కకు,

పుంగనూరుకు ముందు రాలేదని బాధపడవద్దు. చెన్నైలో దిగి రైలెక్కాను. టికెట్టు కుప్పానికే తీసుకున్నాను. కువైట్లో క్షమాభిక్ష లైను సంగతి కొంచెమే రాస్తాను. రెండు రోజులు ఎండలో నిలబడ్డాం. జిరాక్సు ఉన్నవాళ్ళను వేరే వరుసలో పిలిచారు. పది వేళ్ళూ అద్దం మీద పెట్టించుకున్నారు. పాచిపని చేసి నా వేళ్ళ గీతలు అరిగిపోయాయి, మిషను రెండుసార్లు వద్దంది. మూడోసారి తీసుకుంది. చెంగల్రాయుడన్న ఒక సంచి, రెండు గౌన్లు ఇచ్చి పంపాడు. గడువు ముగియడానికి నాలుగు రోజుల ముందు విమానం ఎక్కాను. ఇక్కడికి వచ్చి మూడు వారాలు దాటింది. ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం ఏమీ లేదు. రాయలేకపోయాను, అంతే.

భార్గవి స్టేషనుకు వచ్చింది. సంచి తీసుకుంది. "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. అది ముందు, నేను వెనక, దాని గదికి నడిచాం.

గది ఒకటే. దానితో పాటు ఇంకో పిల్ల ఉండేది, నేను వచ్చానని పక్కవాళ్ళతో సర్దుకుంది. భార్గవి పొద్దున ఏడుకు పోయి సాయంత్రం ఆరుకు వస్తుంది. నేను పగలంతా వీధులు తిరుగుతున్నాను. ఇది మన జిల్లానే అయినా నాకు తెలియని ఊరు. ఒక వీధిలో తమిళం, మలుపు తిరిగితే కన్నడం, కూరగాయలామె మూడూ కలిపి బేరం చేస్తుంది. గ్రానైటు లారీలు పోతే ఇంటి గడప మీద తెల్లటి దుమ్ము పడుతుంది, ఆడవాళ్ళు ముగ్గు వేసినట్టు ఉందని నవ్వుకుంటారు. రైల్వే గేటు దగ్గర ఒకామె రాగిముద్ద, ఉలవచారు అమ్ముతుంది. కంపెనీ పిల్లలు నిలబడే తింటారు. భార్గవి రోజూ ఏం తింటుందో చూడాలని నేనూ అక్కడే నిలబడి తిన్నాను. చారులో ఉప్పు ఎక్కువ.

ఇక్కడ నన్ను కార్డు అడిగేవాళ్ళు లేరు. అయినా ఖాకీ చొక్కా కనబడితే కాళ్ళు తమంతట తాము పక్క సందులోకి తిరుగుతున్నాయి. మొన్న అట్లా దాక్కున్నాను. ఆయన బస్సు కండక్టరు.

నిన్న జరిగింది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆదివారం కదా ఈ రోజు, అది ఇంకా నిద్రపోతోంది.

నిన్న సాయంత్రం ఇంటి ఓనరు రుక్మిణమ్మ వచ్చింది. బెంగుళూరులో ఉన్న కొడుకు కొనిపెట్టిన బీపీ మిషను డబ్బాతో వచ్చింది, డబ్బా విప్పనుకూడా లేదు. భార్గవి అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. రుక్మిణమ్మ మంచం మీద కూర్చుని జాకెట్టు చేయి పైకి లాక్కుంది.

"ఏమమ్మా, కువైట్లో పెద్దాసుపత్రిలో నర్సంట గదా నువ్వు. మీ పాప వచ్చిన కాడినుంచి సెప్తానే ఉండాది. నా బీపీ ఒగసారి సూడు. మా వోడు మిషను పంపినాడు గానీ, దీన్ని మెడకు కట్టాల్నో, సేతికి కట్టాల్నో నాకు తెలీదు."

నేను భార్గవి వైపు చూశాను. అది చూడలేదు. కడిగిన కాళ్ళనే మళ్ళీ కడుగుతోంది. చెంబులో నీళ్ళు అయిపోయినా వంచుతోంది.

కొంగుకు చేతులు తుడుచుకుందామంటే కొంగు లేదు, ఒంటి మీద గౌనే. గౌనుకే తుడుచుకుని పట్టీ తీసి ఆమె మోచేతికి పైన చుట్టాను. ముసలామెకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆరేళ్ళు చూసిన పనే. మాట్లాడవద్దన్నాను. రుక్మిణమ్మ ఊపిరి కూడా బిగబట్టింది. ఊపిరి పీల్చమన్నాను.

"నూటా అరవై, మీద. కింద తొంభై ఎనిమిది," అన్నాను. "ఎక్కువే ఉంది. డాక్టరు దగ్గరికి పొండి. ఉప్పు తగ్గించండి, ఊరగాయ మానుకోండి."

"ఊరగాయ మానుకోని ఏంటితో తినేది, నర్సమ్మా?"

"మజ్జిగతో."

"సూస్తివా, సదువుకున్నోళ్ళు మాట్లాడితే అట్లుంటాది," అని భార్గవితో అంది. "మా కోడలు ఇదే మాట అంటే నేను కొట్లాటకు పోతా." వెళుతూ వెళుతూ, రేపు మా తోడికోడలును, ఎదురింటి ఇద్దరినీ తోలుకుని వస్తానని చెప్పింది.

ఆమె పోయాక భార్గవి చెంబు కింద పెట్టింది. తలుపు దగ్గరే నిలబడి, "ఇంగేమని సెప్పాల్మా?" అంది. అంతే అడిగింది. అన్నం పెట్టాను, తింది. తింటూ తింటూ, ఆ పట్టీ ఎట్లా చుట్టాలో ఆసుపత్రిలో తనకూ నేర్పించారని, నేను చుట్టిన దానికన్నా ఒక వేలు కిందికి ఉండాలని చెప్పింది. సరే అన్నాను.

మధ్యాహ్నానికి వాళ్ళు ముగ్గురూ వస్తారు. నేను నర్సును కాదని ఎవరితోనూ అనలేదు, అనను. నా దగ్గర ఉన్నవి ఆ దేశం గౌన్లు రెండే. బావ ఈ పక్క వచ్చేటప్పుడు నీవి పాత చీరలు రెండు పంపు. లేత రంగువి.

ఉష